బేస్ గిటారునకు మహాశక్తి యాంప్లిఫయరు ఎందులకు?

మేళములో బేస్ గిటారు వాయించు బాలుడు 300 వాట్ల యాంప్లిఫయరు కావలెనని కోరినచో, చెవులు పగులగొట్టుటకా యింత శక్తి యని తల్లిదండ్రులు శంకించుట సహజమే. ఈ శంకను శాస్త్రరీతిని విచారింతము.

బేస్ గిటారునందలి మిక్కిలి మంద్రమగు తంత్రి సెకనునకు సుమారు 41 మారులు కంపించును. సామాన్యమగు గిటారు మంద్రతంత్రి 82 మారులు కంపించును. మన చెవి మధ్యస్వరములను సులభముగా గ్రహించును గాని యింతటి మంద్రస్వరములను అంత సులభముగా గ్రహింపజాలదు. దీనిని ఫ్లెచర్, మన్సన్ అను శాస్త్రజ్ఞులు 1933లో కొలతలతో చూపిరి. కావున తక్కిన వాద్యములతో సమముగా వినబడుటకు బేస్‌కు హెచ్చు శక్తియు, మిక్కిలి గాలిని కదల్పగల పెద్ద స్పీకరులును కావలయును.

ఫెండరు సంస్థ ప్రిసిషన్ బేస్ అను వాద్యమును 1951లో వెలువరించినది. ఆనాటి యాంప్లిఫయరులు చిన్నవి. సభలు పెద్దవైన కొలది అవి చాలకపోయెను. 1969లో ఆంపెగ్ సంస్థ 300 వాట్ల ఎస్.వి.టి. యంత్రమును నిర్మింపగా, రోలింగ్ స్టోన్స్ మేళమువారు ఆ యేటి అమెరికా పర్యటనమున దానిని వాడిరి.

అయితే 300 వాట్ల ధ్వని 30 వాట్ల ధ్వనికి పదిరెట్లని తలపరాదు. శక్తి పదిరెట్లు పెరిగిన ధ్వని 10 డెసిబెల్లు హెచ్చును. చెవికది యించుమించు రెండురెట్లుగా తోచును. శక్తి రెట్టింపైన హెచ్చునది 3 డెసిబెల్లే. మరి లాభమేమి? తంత్రిని మీటిన క్షణమున సగటుకంటె అనేక రెట్లు శక్తి కావలయును. సగటున 20 వాట్లతో వాయించునపుడు ఆ క్షణమున 200 వాట్లు కావలసెననుకొందము. 30 వాట్ల యంత్రము ఆ తరంగశిఖరమును కోసివేయును, స్వరము బొంగురుపోవును. పెద్ద యంత్రమో, దానిని నిర్మలముగా పలికించును. కావున మిగులుశక్తి స్పష్టతకే గాని ఆర్భాటమునకు గాదు.

ఇందొక అపాయము గలదు. అమెరికాదేశపు వృత్తిరక్షణ పరిశోధకులు 85 డెసిబెల్ల ధ్వనిని దినమునకు 8 గంటలకు మించి వినరాదనిరి. ప్రతి 3 డెసిబెల్లకును ఆ కాలము సగమగును. 100 డెసిబెల్లకు 15 నిమిషములే. చెవిలోపలి సూక్ష్మకణములు నశించినచో మరల మొలవవు.

కావున విద్యార్థులారా, స్పీకరును తగిలించిన పిమ్మటనే వాల్వుల యంత్రమును నడుపుడు. మీట తగ్గించి ఆరంభింపుడు. గాయకుని మాట స్పష్టముగా వినబడునంతవరకే పెంచుడు. చెవులకు బిరడాలు ధరింపుడు. శక్తి కలిగియుండుట వేరు, దానిని మితముగా వాడనేర్చుట వేరు. రెండవది నేర్చిన బాలునికే యంత్రము నప్పగింపవలెనని మా యభిప్రాయము.

అభ్యాసము: 91 డెసిబెల్ల ధ్వనిని దినమునకు ఎన్ని గంటలు వినవచ్చును? లెక్కించి, మీ మేళము సాధన చేయు కాలముతో పోల్చి చూడుడు.