గ్రాసా, నెట్టా? హ్యాండీక్యాప్ కమిటీలో నేర్చుకున్న పాఠాలు

క్లబ్ ఛాంపియన్‌షిప్ తేదీలు నోటీసు బోర్డు మీద పడ్డాయంటే చాలు, మా గోల్ఫ్ క్లబ్బులో గొడవ మొదలవుతుంది. కప్పు గ్రాస్ స్కోరుకా, నెట్ స్కోరుకా? కొట్టిన దెబ్బలన్నీ ఉన్నవున్నట్టు లెక్కపెడితే గ్రాస్, అందులోంచి ఆటగాడి హ్యాండీక్యాప్ తీసేస్తే నెట్. పార్ 72 కోర్సులో 18 హ్యాండీక్యాప్ ఆసామి 90 కొడితే అతని నెట్ 72. డెబ్బైల్లో కొట్టేవాళ్లు గ్రాస్ అంటారు, తొంభైల్లో కొట్టేవాళ్లు నెట్ అంటారు. న్యాయం ఎటుందో ఎవరి స్కోరుకార్డు వాళ్లకి చెబుతుంది!

హైదరాబాద్‌లో ఒక క్లబ్ హ్యాండీక్యాప్ కమిటీలో చాలా ఏళ్లు కూర్చున్నాను. మోకాళ్లు మొరాయించాక తొమ్మిది హోల్స్‌తో సరిపెట్టుకుంటున్నాను. కమిటీలోకి కొత్తగా వచ్చిన కుర్రాళ్లు "మీరైతే ఏం చేస్తారు అంకుల్?" అని అడిగారు. వాళ్ల కోసం ఇది.

1. ఛాంపియన్ కప్పు గ్రాస్ స్కోరుకే ఇవ్వండి. ఇందులో నాకు రెండో మాట లేదు. ఆ ఏడాది క్లబ్బులో అందరికన్నా బాగా ఆడిందెవరని ఆ కప్పు అడుగుతుంది. దానికి జవాబు తక్కువ దెబ్బల్లో ముగించినవాడే. మలక్‌పేట రేసులకి వెళ్లే అలవాటున్నవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. మామూలు హ్యాండీక్యాప్ పందెంలో మంచి గుర్రం మీద ఎక్కువ బరువు వేస్తారు, నాసి గుర్రానికి తగ్గిస్తారు. పోటీ రంజుగా ఉంటుంది, పందేలు జోరుగా సాగుతాయి. అక్టోబరు 2న డెక్కన్ డెర్బీ వచ్చేసరికి మాత్రం ఆ సర్దుబాట్లేవీ ఉండవు. అది ఏ గుర్రం గొప్పదో తేల్చే పందెం కాబట్టి.

అమెచ్యూర్లం కదా, మనకింత పట్టింపు ఎందుకంటారు కొందరు. 1965లో ఇండియన్ ఓపెన్ గెలిచిన పి.జి. సేఠీ అమెచ్యూరే. అందరూ బిల్లూ అనేవారు. ప్రొఫెషనల్స్ నిండిన ఫీల్డులో ఒక్క స్ట్రోకు కూడా అరువు తీసుకోకుండా గెలిచారు. బ్రిటన్‌లో 1885లో మొదలైన అమెచ్యూర్ ఛాంపియన్‌షిప్‌లోనూ స్ట్రోకులు ఇచ్చిపుచ్చుకోవడం లేదు. ఎంట్రీకి మాత్రం హ్యాండీక్యాప్ పరిమితి పెడతారు. ఆ పద్ధతి నాకు నచ్చుతుంది. గుమ్మం దగ్గర హ్యాండీక్యాప్ చూడండి, లోపలికొచ్చాక దాని ఊసెత్తకండి.

2. అలాగని హ్యాండీక్యాప్‌ని చులకన చేయకండి. టెన్నిస్‌లో నాలాంటివాడు రాష్ట్రస్థాయి ఆటగాడితో ఆడితే అరగంటలో ఇద్దరికీ విసుగు. గోల్ఫ్‌లో తాతా మనవడూ పద్దెనిమిది హోల్స్ ఆడి, చివరి గ్రీన్ దాకా నువ్వా నేనా అనుకోవచ్చు. ఈ అదృష్టం హ్యాండీక్యాప్ పెట్టిన భిక్షే. శని, ఆదివారాల ఆటలకి, నెలవారీ మెడల్స్‌కి, డాక్టర్ ఫ్రాంక్ స్టేబుల్‌ఫోర్డ్ పేరుతో 1932 నుంచి నడుస్తున్న పాయింట్ల ఆటకి అదే ప్రాణం.

కాకపోతే ఆ అంకె ఏం చెబుతుందో చాలామంది సభ్యులకి తెలియదు. అది సగటు స్కోరు అనుకుంటారు. 2020లో వచ్చిన ప్రపంచ హ్యాండీక్యాప్ విధానం ప్రకారం చివరి ఇరవై రౌండ్లలో మెరుగైన ఎనిమిదింటినే తీసుకుని సగటు కడతారు. మిగతా పన్నెండు చెడ్డ రౌండ్లు లెక్కలోకి రావు. అంటే మీరు బాగా ఆడినరోజు ఎలా ఆడతారో చెప్పే అంకె అది. అందుకే నాలుగైదు రౌండ్లకి ఒకసారి గానీ దాన్ని అందుకోలేం. "నా హ్యాండీక్యాప్‌కి తగ్గట్టు ఆడలేకపోతున్నాను, పెంచండి సార్" అని ప్రతి నెలా ఎవరో ఒకరు వచ్చేవారు. కూర్చోబెట్టి, టీ తెప్పించి, ఈ లెక్క చెప్పి పంపేవాణ్ణి. వచ్చే నెల మళ్లీ వచ్చేవారు.

3. నెట్ స్కోరు అందరినీ సమానం చేస్తుందనేది సగం నిజమే. మిగతా సగం తెలియక కమిటీలు దెబ్బతింటాయి.

4 హ్యాండీక్యాప్ ఆటగాణ్ణి తీసుకోండి. అతని ఆట నిలకడైనది. మంచిరోజు 74, చెడ్డరోజు 82, అంతే తేడా. 22 హ్యాండీక్యాప్ పెద్దమనిషి అలా కాదు. ఒకరోజు 104. ఇంకోరోజు డ్రైవర్ మాట వింటుంది, పట్లు పడతాయి, 87 కొట్టేస్తాడు. నెట్ 65! నిలకడ ఆటగాడు తన మంచిరోజున 74 కొట్టినా నెట్ 70. ఇద్దరే ఎదురెదురుగా ఆడితే ఈ ఊగిసలాట వల్ల పెద్దాయనకి ఒరిగేదేం లేదు. ఎక్కువసార్లు నిలకడవాడిదే కాస్త పైచేయి. కానీ వందమంది దిగిన టోర్నమెంటులో ఇరవై దాటిన హ్యాండీక్యాప్‌లవాళ్లు నలభైమంది ఉన్నారనుకోండి. ఆ నలభైమందిలో ఎవడో ఒకడికి ఆ రోజు నెట్ 65 లాంటి బంగారుపిచ్చుక చిక్కుతుంది. ఎవడికో ముందే తెలియదు గానీ, ఎవడికో ఒకడికి చిక్కడం మాత్రం ఖాయం.

ఇందులో ఎవరి మోసమూ లేదు, ఇదంతా లెక్కల మహిమ. విధానం రాసినవాళ్లకీ ఇది తెలుసు. అందుకే స్ట్రోక్ ప్లేలో ఒక్కొక్కరుగా ఆడే పోటీకి హ్యాండీక్యాప్‌లో 95 శాతమే ఇవ్వమన్నారు. ఆడేవాళ్లు ముప్ఫైమంది కన్నా తక్కువైతే నూరు శాతం ఇచ్చినా ఫర్వాలేదన్నారు. ఇద్దరి మధ్య మ్యాచ్ ప్లేకి ఎలాగూ పూర్తిగా ఇవ్వాల్సిందే. ఆ అయిదు శాతం కోతతో 22వాడికి ఒక్క స్ట్రోకు పోతుంది. నాలుగో ఐదో పోతే గానీ తేడా పూడదు కాబట్టి ఆ ఒక్కటీ ఏ మూలకీ చాలదు. ఏడాది పొడుగునా రేంజ్‌లో చెమటోడ్చిన 4 హ్యాండీక్యాప్ కుర్రాడు, జీవితంలో ఒక్క మంచిరోజు చూసిన పెద్దమనిషి పేరు కింద చేతులు కట్టుకు నిలబడాలంటే ఎలా? పెద్దమనిషికి బహుమతి ఇవ్వండి, చప్పట్లు కొట్టండి, బీరు తాగించండి. ఛాంపియన్స్ బోర్డు మీద పేరు మాత్రం రాయకండి.

4. ఇక మోసం సంగతి. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం. హ్యాండీక్యాప్ పెంచుకునేవాడు ఛాంపియన్‌షిప్ వారంలో ఏ తప్పూ చేయడు. ఆ పనంతా అంతకు ముందు రెండు నెలల్లో నింపాదిగా కానిచ్చేస్తాడు. ఒకసారి పదిహేడో గ్రీన్ దగ్గర కళ్లారా చూశాను. మామూలు వారాంతపు ఆట. బంతి కప్పుకి మూడడుగుల దూరంలో ఉంది, దారి కూడా తిన్నగానే ఉంది. అంతవరకూ ఆ పెద్దమనిషి చేయి చక్కగా తిరుగుతోంది. పట్టర్ తీసి, నిలబడి, నిబ్బరంగా రెండడుగులు దాటించి కొట్టాడు. తిరిగి కొట్టి మళ్లీ తప్పించాడు. "అయ్యో" అన్నాడు, కానీ ముఖంలో బాధ లేదు. పక్కనున్న కేడీ తల తిప్పుకుని, ఏ అవసరమూ లేకపోయినా బ్యాగు జిప్పు సర్దసాగాడు. ఆ జిప్పు శబ్దం చెప్పినంత స్పష్టంగా ఏ కంప్యూటరూ చెప్పలేదు నాకు. ఎవరి హ్యాండీక్యాప్ నిజమో, ఎవరిది పెంపకమో కేడీలకి తెలుసు. వాళ్లని అడిగి ఇరుకున పెట్టకండి. వాళ్ల ముఖాలు చూస్తే చాలు.

కొత్త విధానంలో కళ్లేలు ఉన్నాయి. గత ఏడాదిలో మీ అతి తక్కువ హ్యాండీక్యాప్ ఇండెక్స్ కన్నా 3 దాటి పెరగబోతే, ఆ పై పెరుగుదల సగానికి పడిపోతుంది. 5 దాటి అసలు పెరగనివ్వదు. ఇండెక్స్ కన్నా 7 మెరుగ్గా ఆడితే ఒకటి, 10 మెరుగ్గా ఆడితే రెండు అదనంగా కోత పడుతుంది. ఇవన్నీ మంచివే. కానీ మంచి రౌండు కార్డు జేబులో పెట్టుకుని ఇంటికి పోయేవాణ్ణి ఏ సూత్రమూ పట్టుకోలేదు. కార్డులు ఎవరివి రాలేదో వారం వారం చూసే ఓపికగల సెక్రటరీ కావాలి. నిజం చెప్పాలంటే ఇలా మోసం చేసేవాళ్లు ప్రతి క్లబ్బులోనూ గుప్పెడుమందే. ఆ గుప్పెడుమంది వల్ల, నిజాయితీగా నెట్ 64 కొట్టిన అమాయకుణ్ణి కూడా బార్‌లో గుసగుసలతో చంపేస్తారు. నాకు ఎక్కువ బాధ కలిగించేది అది.

5. అమెచ్యూర్ హోదా నియమాలు 2022లో మారాయి. ఇప్పుడు అమెచ్యూర్లు ఒక పరిమితి దాకా నగదు బహుమతి తీసుకోవచ్చు, అదీ హ్యాండీక్యాప్ లేని స్క్రాచ్ పోటీల్లోనే. హ్యాండీక్యాప్ పోటీలో నగదు పనికిరాదు, నగదు కాని బహుమతులే ఇవ్వాలి. నెట్ స్కోరు పక్కన నోట్లకట్ట పెడితే ఏమవుతుందో నియమాలు రాసే పెద్దలకీ అర్థమైందన్నమాట.

6. గ్రాస్ కప్పు ఒక్కటే పెట్టి చేతులు దులుపుకుంటే మొదటి టీ దగ్గర పన్నెండుమంది కూడా కనబడరు. 24 హ్యాండీక్యాప్ సభ్యుడు వెనక టీల నుంచి రెండు రోజులు బంతులు వెతుక్కుంటూ నడవడానికి ఎంట్రీ ఫీజు ఎందుకు కడతాడు? అతని చందాతోనే కదా గడ్డి పచ్చగా ఉంటోంది! అందుకని అవే రెండు రోజుల్లో హ్యాండీక్యాప్‌ల వారీగా విభాగాలు పెట్టండి. 9 దాకా ఒకటి, 10 నుంచి 18 ఒకటి, ఆ పైన ఒకటి. కింది విభాగాలని ముందు టీల నుంచి ఆడించండి, వాళ్లకి నెట్ బహుమతులు ఇవ్వండి. ఒకే తరహా ఆటగాళ్లు ఒకచోట ఉంటే, మూడో పాఠంలో చెప్పిన ఊగిసలాట గొడవ చాలావరకు చల్లారుతుంది. 2019 నియమాల్లో గరిష్ఠ స్కోరు పద్ధతి వచ్చింది, వాళ్లకి దాన్ని వాడండి. హోల్‌కి ఇంతని పరిమితి పెడితే బంకర్‌లో తొమ్మిది దెబ్బలు కొట్టినవాడు కూడా తలెత్తుకుని పదో హోల్‌కి వెళ్తాడు, వెనకవాళ్లు ఎండలో మాడరు. పై విభాగానికి మాత్రం ఈ సౌకర్యం వద్దు. కప్పు కావాలనుకున్నవాడు ప్రతి బంతీ హోల్‌లో వేయాల్సిందే.

ఏటా ఒకడే గెలుస్తున్నాడని చిన్న క్లబ్బుల్లో గోల పెడతారు. గెలవనివ్వండి. వాణ్ణి ఓడించే పదహారేళ్ల పిల్లాడో పిల్లో ఎక్కడో రేంజ్‌లో బంతులు కొడుతూ ఉంటారు. నెట్‌కి మార్చేస్తే ఆ పిల్లలకి అందుకోవడానికి గీతే ఉండదు.

7. షరతులన్నీ ఎంట్రీలు తెరిచేముందే కాగితం మీద పెట్టి బోర్డుకి అంటించండి. ఏ రోజు ఇండెక్స్ తీసుకుంటారో, ఎంత శాతమో, ఏ టీల నుంచి ఆడాలో, ఒకే మనిషి గ్రాస్, నెట్ రెండు బహుమతులూ తీసుకోవచ్చో లేదో, అన్నీ రాయండి. టై సంగతి అసలు మరవకండి. నెట్‌లో టై అయితే కౌంట్‌బ్యాక్ చాలు. చివరి తొమ్మిది, ఆరు, మూడు హోల్స్ చూసి తేల్చేయండి. గ్రాస్ కప్పుకి టై అయితే మాత్రం కాగితం మీద తేల్చకండి, ప్లేఆఫ్ ఆడించండి. డిన్నర్ ఆలస్యమవుతుందని క్యాటరర్ గొణిగినా సరే. చీకటి పడితే మర్నాడు పొద్దున్న ఆరింటికి, స్ప్రింక్లర్లు ఆపించి, ఇద్దరినీ మళ్లీ మొదటి టీ మీదికి పిలవండి.