కొత్త డిస్కు బిగించే ముందు

ఫిల్మ్‌నగర్ ఎడిటింగ్ గదుల్లో రీళ్ళు తిరిగిన కాలంలో ఒక కట్టుబాటు ఉండేది. కత్తెర పడేది రష్ ప్రింటు మీదే. నెగెటివు ల్యాబులో భద్రంగా ఉండేది. కూర్పు ఖాయమయ్యాకనే దాన్ని ముట్టుకునేవారు. ల్యాప్‌టాప్‌లో కొత్త సాలిడ్ స్టేట్ డ్రైవు వేసి ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించబోయే విద్యార్థి మిత్రులకు ఈ సంగతి పనికివస్తుంది.

మా జూనియరొకడు జూబ్లీహిల్స్‌లో నాలుగు రోజులు తిరిగి షార్ట్ ఫిల్ము తీశాడు. రషెస్ అన్నీ ల్యాప్‌టాప్‌లోని 1 టీబీ హార్డ్‌డిస్కులోనే ఉన్నాయి. వేరే కాపీ లేదు (తప్పే, ఏం చేస్తాం!). డిస్కు నత్తనడక నడుస్తోందని 500 జీబీ ఎన్‌వీఎంఈ డ్రైవు కొని, బిగించి, విండోస్ 11 పెన్‌డ్రైవు పెట్టాడు. ఇన్‌స్టాలరులో కొత్త డిస్కు కనబడనే లేదు. "అన్నా, పాడైంది అంటగట్టారు" అని ఫోను.

డిస్కును తిట్టేముందు బయోస్ తెరిచి చూడాలి. అక్కడా లేకపోతే సరిగా కూర్చోలేదన్నమాట, లేదా ఆ సాకెట్టు సాటా రకానికే పనికొచ్చేది కావచ్చు. చూపుకు రెండూ ఒకటే. బయోస్‌లో ఉండి ఇన్‌స్టాలరులో లేకపోతే చాలామటుకు డ్రైవరు లోపమే. ఇంటెల్ 11వ తరం మొదలు అనేక ల్యాప్‌టాప్‌లలో డిస్కుకు ముందు వీఎండీ అనే మధ్యవర్తి ఉంటుంది. తయారీదారు ఇచ్చే ఆ డ్రైవరును విప్పి పెన్‌డ్రైవులో వేసుకుని 'లోడ్ డ్రైవర్' నొక్కాలి. మావాడు నొక్కాడు, డిస్కు ప్రత్యక్షమైంది.

వెంటనే రెండో అడ్డంకి: డిస్కు ఎంబీఆర్ పద్ధతిలో ఉంది, జీపీటీ కావాలి అంది. స్నేహితుడి కంప్యూటరులో పరీక్షించినప్పుడు పాత పద్ధతిలో విభజించాడట. ఎంబీఆర్ 1983 నాటిది, మామూలుగా 2 టీబీ దాటి లెక్కపెట్టలేదు. యూఈఎఫ్ఐలో మొదలైన విండోస్ ఇన్‌స్టాలరు జీపీటీ లేనిదే ఒప్పుకోదు. మందు తేలికే. షిఫ్టు, ఎఫ్10 కలిపి నొక్కి డిస్క్‌పార్ట్ తెరవాలి; లిస్ట్ డిస్క్, సెలెక్ట్ డిస్క్, క్లీన్, కన్వర్ట్ జీపీటీ.

గుండె ఆగే చోటు ఇదే. 'క్లీన్' మీ అనుమతి అడగదు. ఎంచుకున్న డిస్కు విభాగాల పట్టికను క్షణంలో తుడిచేస్తుంది. మావాడు 0వ డిస్కును ఎంచుకుని, క్లీన్ అని టైపు చేసి, ఎంటర్ కొట్టబోయి ఆగాడు. "అన్నా, దీని సైజు 931 అంటోందేంటి?"

1 టీబీ అని అమ్మే డిస్కు విండోస్ లెక్కలో 931 జీబీ. 500ది 465. అంటే వాడు తుడవబోయింది తన నెగెటివునే!

"ఆపరా బాబూ. మిషను ఆపి ముందు పాత డిస్కు ఊడదీయ్" అన్నాను.

ఊడదీయడానికి ఇంకో కారణం కూడా ఉంది. రెండూ ఉండగా ఎక్కిస్తే ఇన్‌స్టాలరు తరచు బూట్ ఫైళ్ళను పాత డిస్కులోని ఈఎఫ్ఐ విభాగంలోనే పెడుతుంది. అంతా సవ్యంగానే నడుస్తుంది. పాతది తీసేసిన రోజున మాత్రం కొత్తది లేవదు, నింద దాని మీద పడుతుంది.

ఒంటరి డిస్కు మీద పని సాఫీగా సాగింది. మొదటి రీస్టార్టులో మళ్ళీ మొదటికొచ్చింది గానీ, పెన్‌డ్రైవు తీసేస్తే సరిపోయింది. మర్నాడు పాత డిస్కును బయటి కేసులో పెట్టి, రషెస్‌ను మరో డిస్కులోకి కాపీ చేసుకున్నాక గానీ వాడు ఎడిటింగుకు కూర్చోలేదు.