పాత వ్యాన్ బేరం: జెండా పాట వినండి, బస్తా నడుమ చెయ్యి పెట్టండి

ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి సీజన్‌లో పొద్దున్నే జెండా పాట పాడతారు. ఆ రోజు పలికిన పెద్ద ధర అదే. ఆ ధర తన బస్తాలన్నిటికీ రాదని యార్డుకు వచ్చిన ప్రతి రైతుకూ తెలుసు. రంగు, తేమ, తాలు చూశాకే అసలు ధర తేలుతుంది. పాత వ్యాన్ సంగతీ ఇంతే.

మేడారం జాతరకు ఇల్లంతా కదిలే ఊళ్లు మనవి. తాతల కాలంలో ఎడ్లబండే వాహనం, ఎడ్లబండే ఇల్లు. ఇప్పుడు అదే పనికి పాత ఓమ్నీనో, టెంపో ట్రావెలర్‌నో కొని, లోపల పరుపు, డిక్కీలో వంటసామాను పెట్టుకుని లక్నవరం, రామప్ప చుట్టి రావాలని చాలామందికి కోరిక. కొనేముందు ఈ చిట్కాలు చూడండి.

1. ఫోన్‌లో కనిపించే ధరను జెండా పాట అనుకోండి. అది అమ్మేవాడి ఆశ. అదే మోడల్, అటూ ఇటూగా అదే సంవత్సరం బండ్లు కనీసం మూడు చూసి, నిజంగా ఎంతకు అమ్ముడయ్యాయో ఇద్దరు మెకానిక్‌లను అడగండి. ఇన్సూరెన్స్ కాగితంలోని విలువను గుడ్డిగా నమ్మొద్దు. అయిదేళ్లు దాటిన బండికి ఆ అంకె కంపెనీ, యజమాని మాట్లాడుకుని రాసుకున్నదే.

2. పాతదనానికి డబ్బు పెట్టకండి, మిగిలిన ఆయుష్షుకు పెట్టండి. 1950లో జర్మనీలో మొదలై 2013లో బ్రెజిల్‌లో తయారీ ఆగిన ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్‌కు మోజుపడి కొనేవాళ్లు లోకమంతా ఉన్నారు. బాగా ఉంటే ఎంత పాతదైతే అంత గిరాకీ. 1984లో మారుతి వ్యాన్‌గా వచ్చి, 2019లో ఆగిపోయిన మన ఓమ్నీకి ఆ యోగం ఇంకా పట్టలేదు. ‘పాతకాలపు బండి, దొరకదు’ అని ఎవరైనా ధర పెంచితే నవ్వి ఊరుకోండి. ఓమ్నీకి ఉన్న అసలు విలువ, సామాను దొరకడం, ఏ షెడ్డులోనైనా బాగుచేయగలగడం. బజాజ్ టెంపో మటాడోర్ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ, సామాను ఎక్కడ దొరుకుతుందో తెలుసుకున్నాకే బేరానికి దిగండి.

3. బండికంటే ముందు ఆర్సీ చదవండి. నంబరు ఏపీ 36 అయితే తెలంగాణ రాకముందు వరంగల్‌లో రిజిస్టరైన బండి. టీఎస్ అయితే 2014 తర్వాతది, టీజీ అయితే 2024 మార్చి తర్వాతది. సొంత బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆ తర్వాత అయిదేళ్లకోసారి పరీక్ష చేయించి పొడిగించుకోవాలి. 20 ఏళ్లు దాటిన బండ్లకు పొడిగింపు ఫీజు 2025లో బాగా పెరిగింది. గడువు దగ్గరపడిన బండి అయితే ఆ ఫీజు, గ్రీన్ ట్యాక్స్ ధరలోంచి తగ్గించమనండి. బకాయి చలాన్లు ఆన్‌లైన్‌లో చూసుకోండి. ఫైనాన్స్‌లో కొన్న బండయితే, అప్పు తీరినట్టు ఫైనాన్స్ వాళ్ల కాగితం, ఫారం 35 చేతికి రావాలి.

4. తెల్ల బోర్డా, పసుపు బోర్డా? ట్రావెలర్లు చాలావరకు కిరాయికి తిరిగినవే. పసుపు బోర్డు బండికి ఫిట్‌నెస్, పర్మిట్, పన్ను లెక్కలన్నీ వేరు. సొంతానికి మార్చుకోవాలంటే ఆర్టీఏ అనుమతి కావాలి, పన్ను మళ్లీ లెక్కకట్టాలి. ఆ ఖర్చు ముందే కనుక్కోండి. కిరాయి బండి మీటరులో తక్కువ కిలోమీటర్లు కనిపిస్తే అనుమానపడండి. పెడల్ రబ్బర్లు, స్టీరింగ్ అరుగుదల అబద్ధం చెప్పవు.

5. తుప్పు కోసం వంగి చూడండి. మిర్చి యార్డులో మా పెద్దబాపు అనేవాడు: “బిడ్డా, పైన చూసి ధర కట్టకు, నడుమ చెయ్యి పెట్టు.” వ్యాన్‌కు నడుమ అంటే నేల. మ్యాట్లు తీయించి చూడండి. చక్రాల పైభాగం, జారుడు తలుపు పట్టాలు, అద్దం చుట్టూ ఉన్న అంచు, కప్పు మీద నీరు పారే గాడి, ఈ నాలుగూ తుప్పుకు ఇష్టమైన చోట్లు. చిన్న అయస్కాంతానికి పల్చని గుడ్డ చుట్టి తలుపుల మీద తిప్పండి. అంటుకోనిచోట రంగు కింద లప్పం ఉన్నట్టే. కొత్తగా వేసిన రంగు మెరుపు చూసి మురిసిపోకండి.

6. నీట మునిగిందేమో చూడండి. 2023 జులైలో వరంగల్, హనుమకొండ కాలనీలు నీళ్లలో మునగడం మనం చూశాం. సీటు బెల్టు పూర్తిగా బయటికి లాగితే చివర్లో మట్టి చార కనిపించొచ్చు. సీట్ల కింది బోల్టుల తుప్పు, మూసి ఉంచిన బండిలో ముక్కవాసన కూడా గుట్టు విప్పుతాయి.

7. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లండి. ముందే స్టార్ట్ చేసి ఉంచితే ‘రేపొస్తా’ అని వచ్చేయండి. ఓమ్నీలో ఇంజన్ ముందు సీటు కిందే, సీటు లేపి చెయ్యి పెట్టి చూడొచ్చు. ఆయిల్ పాలు పోసిన చాయ్ రంగులో ఉంటే అందులో నీళ్లు కలిసినట్టు. పెట్రోలు బండిలో నీలం పొగ వస్తే ఆయిల్ మండుతోంది, నల్ల పొగ వస్తే పెట్రోలు ఎక్కువ తాగుతోంది, వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే నీళ్లు లోపలికి పోతున్నాయి. మొదటిదానికీ చివరిదానికీ ఇంజన్ విప్పకతప్పదు.

8. ఇంటిల్లిపాదినీ ఎక్కించి నడపండి. ఓమ్నీ ఇంజన్ 796 సీసీ. ఒక్కరే నడిపితే హుషారుగా పోతుంది. అయిదుగురు, బియ్యం, బిందెలు ఎక్కాక పస్రా, తాడ్వాయి దారిలో ఎలా లాగుతుందన్నదే మీకు కావాలి. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ అరుస్తూ బండి కదలకపోతే క్లచ్ ప్లేటు అయిపోయినట్టే. బ్రేకు కొడితే ఒక పక్కకు లాగుతోందా చూడండి.

9. టైరు వయసు టైరు మీదే ఉంటుంది. గాడి లోతుగా ఉన్నా పక్కన నాలుగంకెలు చదవండి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. నీడన నిలబెట్టిన బండికీ టైరు ముసలిదవుతుంది. స్టెప్నీ మరవకండి.

10. ‘పరుపు కూడా వేయించాం’ అంటే ధర పెంచకండి, ప్రశ్న వేయండి. ఆర్సీలో రాసిన సీట్లు ఉన్నాయా? కంపెనీ ఇచ్చిన రూపాన్ని అనుమతి లేకుండా మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధం. సీట్లు పీకి మంచం బిగించిన బండికంటే, సీట్ల మీద పరుచుకుని తీసేసే చెక్క పలక మేలు. గ్యాస్ కిట్ ఉంటే అది ఆర్సీలో ఎక్కి ఉండాలి. ఇంటి సిలిండర్‌తో నడిపే బండి దగ్గర నిలబడను కూడా వద్దు. వంట ఎప్పుడైనా బండి బయటే.

11. లెక్క కాగితం మీద వేయండి. మీరు చూసిన బండి లాంటిదే మంచి కండిషన్‌లో లక్షా పదివేలు పలుకుతుందనుకుందాం. టైర్లకు పద్నాలుగు వేలు, వెల్డింగుకు పన్నెండు వేలు, ఇన్సూరెన్స్, కాగితాలకు ఎనిమిది వేలు అవుతాయంటే, మొత్తం ముప్పై నాలుగు వేలు. మీ పాట డెబ్బై ఆరు వేల దగ్గర ఆగాలి. జాతర ముందర తొందరపడితే మీ అవసరం అమ్మేవాడికి తెలిసిపోతుంది. వానాకాలంలో వెతకండి, కారే కప్పు కూడా అప్పుడే దొరికిపోతుంది.

12. బయానా ఇచ్చేముందు ఛాసిస్, ఇంజన్ నంబర్లు ఆర్సీతో సరిచూడండి. ఫారం 29, 30 మీద సంతకాలు మీ ఎదుటే పడాలి. పేరు మార్పు 30 రోజుల్లో, ఇన్సూరెన్స్ మార్పు 14 రోజుల్లో అడగాలి. నంబరు చెరిపినట్టు కనిపించినా, నేల రేకులో వేలు దూరినా బేరం అక్కడితో ఆపండి. తాలును తక్కువ ధరకైనా కొనేవాళ్లుంటారు గానీ, ఆ బండి సగం ధరకు వచ్చినా నష్టమే.