ఎర్ర గీత మాత్రలు



పోయిన ఆదివారం పూజ ముగిసిన తరువాత ఒక అవ్వ గుడి మెట్ల దగ్గర నా కోసం కాచుకొని ఉంది. కొంగుముడి విప్పి, కత్తెరతో సగానికి కోసిన మాత్రల అట్ట ఒకటి నా చేతిలో పెట్టి, "సామీ, మా మనవడికి రెండు దినాలుగా జరం. ఇవి పోయిన సంవత్సరం నాకిచ్చినవి, మిగిలినాయి. వానికి ఎయ్యొచ్చునా?" అని అడిగింది. మనవడికి ఆరేళ్ళు. అట్ట వెనుక మందు పేరులో మూడు అక్షరాలే మిగిలాయి. గడువు తేదీ కత్తెర పాలయింది. నిలువునా ఒక ఎర్ర గీత మాత్రం స్పష్టంగా కనబడుతోంది.

నేను డాక్టరును కాను. సెమినరీలో నేను చదివింది తత్త్వశాస్త్రం. అయితే పాతికేళ్ళుగా కర్నూలు, కడప విచారణలలో రోగులను పరామర్శిస్తూ, పెద్దాసుపత్రి వరండాలలో కూర్చొని, డాక్టర్లను, ఆసుపత్రి సిస్టర్లను విసిగించి అడిగి తెలుసుకొన్నది కొంత ఉంది. దానిని ఈ వారం మీ ముందు ఉంచుతున్నాను.

ఎర్ర గీత ఉన్న మాత్ర అంటే డాక్టరు చీటీ లేకుండా వాడకూడని మాత్ర అని అర్థం. యాంటీబయాటిక్స్ విషయంలో ఈ గీతను గుర్తించమని 2016లో కేంద్ర ప్రభుత్వం దేశమంతటా ప్రచారం కూడా చేసింది. ఈ మందులు బ్యాక్టీరియా అనే సూక్ష్మక్రిములను చంపుతాయి, లేదా పెరగకుండా ఆపుతాయి. వైరస్ వేరే జాతి. జలుబు, ఫ్లూ, డెంగ్యూ, చికున్‌గున్యా, పసిపిల్లల నీళ్ళ విరేచనాలలో ఎక్కువ భాగం వైరస్ వలన వచ్చేవే. వాటి మీద యాంటీబయాటిక్ పని చేయదు. నీళ్ళ విరేచనాలకు మొదటి మందు ఓ.ఆర్.ఎస్. నీళ్ళు. 2020, 2021లలో కరోనా భయంతో ఇంటింటా మింగిన అజిత్రోమైసిన్ మాత్రలు కూడా ఆ వైరస్‌ను ఏమీ చేయలేదని తరువాత జరిగిన పెద్ద పరిశోధనలలో తేలింది.

"మరి నేను మాత్ర వేసుకొంటే జలుబు తగ్గింది కదా ఫాదర్!" అంటారు. తర్కశాస్త్రం తరగతిలో మాకు మొదట నేర్పిన తప్పు ఆలోచనలలో ఇది ఒకటి. 'పోస్ట్ హాక్ ఎర్గో ప్రాప్టర్ హాక్' అని లాటిన్‌లో దాని పేరు. ఒకటి జరిగిన తరువాత మరొకటి జరిగింది గనుక, మొదటిదే రెండోదానికి కారణమని అనుకోవడం. కోడి కూసిన తరువాత తెల్లవారుతుంది, అందుచేత కోడే తెల్లవార్చిందని అంటామా? జలుబు వారం రోజులలో దానంతట అదే పోతుంది. మూడోనాడు మాత్ర మొదలుపెట్టినవాడు ఆ ఘనత మాత్రకు ఇస్తాడు. ఏమీ వేసుకోని వాడికి కూడా అదే వారంలో తగ్గింది, కాని వాడి సంగతి ఎవరూ చెప్పుకోరు.

ఇవి పనికిరాని మందులని నేను చెప్పడం లేదు. ఇవి లేని కాలం ఎలా ఉండేదో మన పెద్దలకు తెలుసు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రిని మిషనరీ సంఘాలు కలిసి స్థాపించిన రోజులలో చికిత్స అంటే విశ్రాంతి, మంచి గాలి, పుష్టికరమైన తిండి మాత్రమే. నెలలు, సంవత్సరాలు అక్కడే మంచం మీద ఉండేవారు. 1943లో అమెరికాలో స్ట్రెప్టోమైసిన్ కనుగొన్నారు. ఆ తరువాత మరికొన్ని మందులు వచ్చాయి. 1956లో మద్రాసులో మొదలైన పరిశోధనలో, ఇంటి దగ్గర ఉండి మందులు మింగిన క్షయ రోగులు కూడా శానిటోరియంలో ఉన్నవారితో దాదాపు సమానంగా కోలుకొన్నారని తేలింది.

ఈ కథలో మన తెలుగువాడు కూడా ఉన్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు చిన్న వయసులోనే స్ప్రూ అనే విరేచనాల వ్యాధికి సోదరులను పోగొట్టుకొన్నారు. అమెరికా వెళ్ళి, లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు అధిపతి అయ్యారు. విశ్వవిద్యాలయ ఉద్యోగం నుండి రిటైరైన బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్ర ఆచార్యుడు అక్కడ చేరి, దేశంలోని పలుచోట్ల నుండి తెప్పించిన మట్టిని పరీక్షించసాగాడు. మిస్సోరి నుండి వచ్చిన మట్టిలో బంగారు రంగు మందునిచ్చే జీవి దొరికింది. 1948లో ఆరియోమైసిన్ అనే పేరుతో ఆ మందు వెలువడింది. టెట్రాసైక్లిన్ కుటుంబానికి అది పెద్దబిడ్డ. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు గారు కన్నుమూశారు.

ఇక మన ఇళ్ళలో కనబడే మందుల సంగతి.

పెన్సిలిన్, అమాక్సిసిలిన్ ఒకే ఇంటివి. కొన్ని రకాల గొంతునొప్పికి, చెవిలో చీముకు, న్యుమోనియాకు డాక్టర్లు ఇస్తారు. కీళ్ళవాతం వచ్చి గుండె కవాటాలు దెబ్బతిన్న పిల్లలకు మూడు నాలుగు వారాలకొకసారి పెన్సిలిన్ సూది ఏళ్ళ తరబడి వేస్తారు. నొప్పి అని మానిపించకండి, అది పిల్లవాడి గుండెను కాపాడుతోంది. వీటితో విరేచనాలు, ఒంటిమీద దద్దుర్లు రావచ్చు. కొద్దిమందికి పెన్సిలిన్ అసలు పడదు. సూది వేసిన నిమిషాలలోనే ముఖం వాచి, ఊపిరాడక ప్రాణం మీదికి వస్తుంది. ఇంట్లో ఎవరికైనా అలా జరిగి ఉంటే కాగితం మీద రాసి రేషన్ కార్డుతో పాటు దాచుకోండి, ప్రతి డాక్టరుకూ చూపండి.

సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ మరొక ఇల్లు. ఈ విషయంలో నేనూ తప్పు చేసినవాణ్ణే. ఒకసారి ప్రయాణంలో కడుపు చెడి, సంచిలో మిగిలిన సిప్రోఫ్లాక్సాసిన్ మాత్రలను మజ్జిగతో మింగాను. పాలు, పెరుగు, మజ్జిగ, ఐరన్ మాత్రలు, గ్యాస్ మందులు ఈ మాత్రను ఒంటికి పట్టనివ్వవని ఒక సిస్టర్ చెప్పి నవ్వింది. ఇవి కొందరిలో మడమ వెనుక ఉండే లావుపాటి నరంలో నొప్పి తెస్తాయి, అది తెగిన సందర్భాలు కూడా ఉన్నాయి. అరవై దాటిన వారికి, స్టెరాయిడ్లు వాడేవారికి ఈ ప్రమాదం ఎక్కువ. నొప్పి కనబడగానే మాత్ర ఆపి డాక్టరు దగ్గరకు వెళ్ళాలి.

మెట్రోనిడజోల్ వేసుకొంటే నోట్లో ఇనుము నాకినట్లు ఉంటుంది. ఈ మాత్ర వాడుతూ సారాయి తాగితే వాంతులు, గుండెదడ రావచ్చు. ఈ ముక్క మగవారికి ప్రత్యేకంగా చదివి వినిపించండి. కో-ట్రిమాక్సజోల్‌తో ఒళ్ళంతా బొబ్బలు లేచినా, నోరు, కళ్ళు పుండ్లు పడినా క్షణం ఆలస్యం చేయరాదు. జెంటామైసిన్, స్ట్రెప్టోమైసిన్ సూదులు వినికిడిని, మూత్రపిండాలను దెబ్బతీయగలవు. అజిత్రోమైసిన్ గుండె జబ్బు ఉన్న కొందరిలో గుండె లయను తప్పిస్తుంది.

డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ ఇంటిదే. వానల తరువాత పొలాలకు, పొదలలోకి వెళ్ళేవారికి నల్లులవంటి చిన్న పురుగు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం మన ప్రాంతంలోనూ ఉంది. చంకలోనో గజ్జలోనో సిగరెట్టుతో కాల్చినట్లు నల్లని పక్కు కనబడవచ్చు. దానికి ఈ మాత్ర దివ్యంగా పని చేస్తుంది. అయితే నిండు గ్లాసు నీళ్ళతో మింగి, అరగంట సేపు పడుకోకుండా ఉండాలి, లేకపోతే అన్నవాహిక కాలుతుంది. ఎండ తగిలితే చర్మం కమిలిపోతుంది. మన ఎండల సంగతి వేరే చెప్పాలా! టెట్రాసైక్లిన్ గర్భిణులకు, ఎనిమిదేళ్ళలోపు పిల్లలకు ఇస్తే వచ్చే పళ్ళు పసుపు, గోధుమ రంగుకు తిరుగుతాయి. మన పల్లెలలో ఫ్లోరైడ్ నీళ్ళ వలన పళ్ళు గారపట్టిన పిల్లలు ఎలాగూ ఉన్నారు. మందుతో మరొక మచ్చ ఎందుకు?

ఇప్పుడు నన్ను బాధించిన ఒక సంగతి చెబుతాను. నాపరాళ్ళ గనిలో పని చేసే ఒక యువకుడు, ఇద్దరు బిడ్డల తండ్రి, సాయంత్రం కాగానే జ్వరం, దగ్గు అని ఊరిలోని ఒక వైద్యుని దగ్గరకు వెళ్ళాడు. విడాల్ అనే రక్తపరీక్ష చేయించి, టైఫాయిడ్ అన్నారు. సూదులు, లీవోఫ్లాక్సాసిన్ మాత్రలు ఇచ్చారు. పది రోజులు తగ్గింది, మళ్ళీ వచ్చింది. మళ్ళీ అదే పరీక్ష, అవే మాత్రలు. ఇలా మూడు నెలలు గడిచాయి. మనిషి సగమయ్యాడు, భార్య తాళిబొట్టు కుదువ పెట్టింది. చివరికి సర్కారు ఆసుపత్రిలో కఫం పరీక్ష చేస్తే క్షయ. అప్పటికి చిన్నబిడ్డకు కూడా సోకింది.

ఇందులో రెండు సంగతులు గమనించండి. ఒక్కసారి చేసిన విడాల్ పరీక్ష టైఫాయిడ్‌ను గట్టిగా తేల్చలేదు. ఎప్పుడో వచ్చిపోయిన జ్వరానికి, వేరే జబ్బుకు కూడా అది పాజిటివ్ చూపవచ్చు. మందు మొదలుపెట్టక ముందు రక్తం తీసి కల్చర్ చేయించడం మేలైన పద్ధతి. రెండోది, లీవోఫ్లాక్సాసిన్ వంటి మందులకు క్షయక్రిమి కూడా కొంత అణుగుతుంది. కొన్నాళ్ళు జబ్బు ముసుగు వేసుకొని, లోలోపల మందుకు లొంగని క్రిమిగా మారే ప్రమాదం ఉంది. రెండు వారాలు దాటిన దగ్గుకు కఫం పరీక్ష చేయించాలి. ప్రభుత్వ ఆసుపత్రులలో అది ఉచితం, మందులూ ఉచితమే. మందు మొదలైన తరువాత మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వస్తే భయపడి మానేసినవారు నాకు తెలుసు. అది రిఫాంపిసిన్ రంగు, రక్తం కాదు. కళ్ళు పచ్చబడినా, చూపు మసకబారినా, అరికాళ్ళు తిమ్మిరెక్కినా మాత్రం వెంటనే చెప్పాలి.

మందుకు లొంగని క్రిముల గురించి పెన్సిలిన్ కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945 డిసెంబరులో, నోబెల్ బహుమతి ఉపన్యాసంలోనే హెచ్చరించారు. గొంతునొప్పి వచ్చిన ఒకడు తనంతట తాను చాలీచాలని పెన్సిలిన్ వాడి క్రిమిని మొండిదాన్ని చేస్తాడు. అది భార్యకు అంటుతుంది. ఆమెకు పెన్సిలిన్ పని చేయక చనిపోతుంది. ఇది ఆయన ఊహించి చెప్పిన కథ. మన యువకుడి ఇంటిని చూసినప్పుడు నాకు అదే గుర్తుకు వచ్చింది. మందులకు లొంగని క్రిముల వలన 2019 ఒక్క సంవత్సరంలోనే ప్రపంచంలో సుమారు 12 లక్షల 70 వేల మంది చనిపోయారని అంచనా. నేరమంతా మన ఇళ్ళదే కాదు. హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల నీటిని శుద్ధి చేసి వదిలిన చోట, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ప్రకటించారు. జబ్బుకు మాత్ర మింగిన మనిషి రక్తంలో కూడా అంత ఉండదు. కోళ్ళ మేతలో కలిపే కొలిస్టిన్‌ను 2019లో ప్రభుత్వం నిషేధించింది. గొర్రెలకు, బర్రెలకు సూది వేయించినప్పుడు ఎన్ని రోజులు పాలు, మాంసం వాడకూడదో పశువుల డాక్టరును అడగడం మన చేతిలో ఉన్న పని.

"కోర్సు పూర్తిగా వాడాలా?" అని చాలామంది అడుగుతారు. క్షయకు సందేహం లేదు, చెప్పిన నెలలన్నీ వాడాలి. మిగతా జబ్బులలో చాలావాటికి ఇప్పుడు తక్కువ రోజుల మందే చాలునని తేలుతోంది. కాని ఎన్ని రోజులన్నది డాక్టరు చెప్పాలి గాని, తగ్గింది కదా అని మనమే తేల్చుకోరాదు. కొన్ని బలమైన యాంటీబయాటిక్స్, క్షయ మందులు అమ్మితే రోగి పేరు, డాక్టరు పేరు రిజిస్టరులో రాయాలని 2014 మార్చి నుండి చట్టం ఉంది. షాపువాడు చీటీ అడిగితే కోపగించుకోకండి. అట్టను కోసి ఇస్తే, పేరు, తేదీ ఉన్న ముక్కను చూపించి రాయించుకోండి.

అవ్వ ఇచ్చిన అట్టను మా ఆసుపత్రి సిస్టర్‌కు చూపించాను. డాక్సీసైక్లిన్ అని గుర్తుపట్టింది. గడువు దాటిందో లేదో ఆమెకూ తెలియలేదు. కాలం చెల్లిన టెట్రాసైక్లిన్ మాత్రలు మూత్రపిండాలను చెడగొట్టిన ఉదంతాలు పూర్వం ఉన్నాయని చెప్పి, అట్టను తన దగ్గరే ఉంచుకొంది. మనవడిని ఆ మధ్యాహ్నమే ఆటోలో ఆసుపత్రికి పంపించాము. డాక్టరు చూసి, ఇది వైరస్ జ్వరం, పారాసిటమాల్ సిరప్, నీళ్ళు, గంజి చాలునన్నాడు. "అంత దూరం పోతే ఒక సూది కూడా ఎయ్యలేదు సామీ" అని అవ్వ ఇప్పటికీ నామీద కోపంగానే ఉంది. పిల్లవాడు మాత్రం బుధవారం నుండి బడికి పోతున్నాడు.