రాళ్ల లెక్క వేరు, ధర లెక్క వేరు

హైదరాబాదులో బ్రహ్మకమలం ఆకృతిలో రూపొందిన ఉంగరానికి 7,801 వజ్రాలు పొదిగినందుకు 2020లో గిన్నిస్ రికార్డు దక్కింది. అనంతరం ఆ రికార్డును ఇతరులు అధిగమించారు. ఇటువంటి వింత డిజైన్ల నగలు తిరిగి కొనేటపుడు వర్తకులు రాళ్ల సంఖ్య చూసి మోసపోరాదు.

బంగారానికి కారట్ నాణ్యతను, వజ్రానికి బరువును తెలుపుతుంది. వజ్రపు కారట్ 0.2 గ్రాము. ఉదాహరణకు 40 గ్రాముల 18 కారట్ల నగలో 25 కారట్ల రాళ్లుంటే వాటి బరువు 5 గ్రాములు. మిగిలిన 35 గ్రాములలో మేలిమి బంగారం 26.25 గ్రాములే.

ఒకే నాణ్యత గల రాళ్లలో, అదే మొత్తం బరువుకు, చిన్నవాటికి పెద్ద రాయి ధర పలకదు. మజూరీ, తరుగు సాధారణంగా తిరిగి రావు. శివారు అలియాబాద్ మొదలు అబిడ్స్ వరకు ఏ దుకాణానికైనా ఇదే లెక్క.