పచ్చిగా తినదగినవి, ఉడికించి తినవలసినవి

పచ్చిగా తిన్న బలము, వండిన పోవును అను మాట ఇప్పుడు కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెలలో కూడ వినబడుచున్నది. ఇందులో కొంత నిజము కలదు. అయితే అన్ని పదార్థములకు ఒకే సూత్రము పెట్టిన ఇంటిలోని పిల్లలకు నష్టము కలుగును. ముఖ్యముగా సోయాచిక్కుడు విషయమున ఈ పొరపాటు చేయరాదు.

జుక్కల్, మద్నూరు వైపు వానకాలమున సోయా విస్తారముగా సాగగును. గింజ అంతయు మార్కెటుకు పోవును. పండించిన వాని ఇంట పొయ్యి మీదికి ఎక్కుట అరుదు. ఇది విచారకరము. ఏలయనగా ఈ గింజలో సుమారు 40 శాతము మాంసకృత్తులు, 20 శాతము నూనె ఉండును. కందిపప్పులో మాంసకృత్తులు ఇందులో సగము మాత్రమే. అయితే మాంసకృత్తులను జీర్ణము చేయు ట్రిప్సిన్ అను రసమును పని చేయనీయని పదార్థమొకటి పచ్చి సోయాలో ఉన్నది. 1917లో ఆస్‌బోర్న్, మెండెల్ అను అమెరికా శాస్త్రజ్ఞులు ఎలుకలకు పచ్చి సోయా పెట్టగా అవి సరిగా ఎదుగలేదు. ఉడికించి పెట్టగా చక్కగా పెరిగినవి. 1945లో కునిట్జ్ అను శాస్త్రజ్ఞుడు ఆ అడ్డగించు పదార్థమును వేరు చేసి చూపెను.

కావున రాత్రి గింజలు నానబెట్టి, తెల్లవారి ఆ నీరు పారబోసి, పొట్టు పిసికి తీసి, మంచి నీటిలో మరుగు మొదలైన పిమ్మట అరగంటకు తక్కువ కాకుండ ఉడికించవలెను. నానబెట్టుట మాత్రము చాలదు. పచ్చి గింజను ఎండబెట్టి పిండి పట్టించుట అంతకంటెను చాలదు. పిండి కావలెనన్న ఉడికించి, ఎండబెట్టి, పిదప గిర్నీకి పంపవలెను. తొమ్మిది పాళ్ల జొన్నపిండికి ఒక పాలు కలిపి రొట్టె చేసుకొనవచ్చును. విత్తుటకు తెచ్చి మిగిలిన, మందు పట్టించిన గింజను మాత్రము ఎంత కడిగినను, ఎంత ఉడికించినను తినరాదు. కోళ్లకు, పశువులకు కూడ వేయరాదు. యూరియా కలిపిన దాణాలో పచ్చి సోయా కలిపిన అమ్మోనియా త్వరగా పుట్టి పశువునకు ప్రాణాపాయము కలుగవచ్చును.

వరి అన్నము తిను ఇండ్లలో పోషణ పోవు చోటు వేరు. బియ్యము నాలుగైదు మార్లు రుద్ది కడిగి, ఎక్కువ నీటిలో వండి గంజి వార్చిన, ఉన్న కొద్ది బి1 విటమినులో చాల భాగము కుడితిలోనికి పోవును. బర్రె బలపడును, బిడ్డ బలపడదు. ఈ విటమిను లోపము వలన వచ్చు బెరిబెరి వ్యాధిని పరిశోధించుటకు 1918లో కూనూరులో మెకారిసన్ దొర ప్రారంభించిన చిన్న శాఖయే 1958లో హైదరాబాదునకు తరలి, నేడు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థగా ఉన్నది. ఉప్పుడు బియ్యములో బి1 తవుడు నుండి గింజలోనికి దిగి నిలుచును. మన మిల్లులలో ఆ బియ్యము తయారగును గాని మన పళ్లెములోనికి రాదు! కనీసము ఒకటి రెండు మార్లే కడిగి, అత్తెసరు పెట్టి వండుకొనుట మేలు.

పుంటికూర, తోటకూర వండియే తినవలెను. సి విటమిను కొంత పోవుట నిజమే. కాని శరీరములో ఎ విటమినుగా మారు కెరోటిన్, ఆకు మెత్తబడి కొంచెము నూనెతో కలిసినప్పుడే బాగుగా ఒంటబట్టును. ఆకును కడిగిన పిదపనే తరిగి, కొద్ది నీటితో, మూతపెట్టి, త్వరగా దించవలెను. త్వరగా ఉడుకునని వంటసోడా వేయరాదు. దించిన పిమ్మట నిమ్మకాయ పిండిన ఆకులోని ఇనుము శరీరమునకు ఎక్కువగా అందును.

సి విటమిను కొరకు పచ్చివే మేలు. 100 గ్రాముల జామపండులో ఇది 200 మిల్లీగ్రాములకు పైగా ఉండును. పెద్దవారికి దినమునకు 65 నుండి 80 మిల్లీగ్రాములు చాలును. పెరటిలో జామచెట్టు ఉన్నవారు ఇందుకు మార్కెటు వైపు చూడనక్కరలేదు. పెసర్లు మొలకెత్తించిన, ఎండు గింజలో లేని సి విటమిను మొలకలో పుట్టును. మొలకలను శుభ్రమైన నీటితో కడిగి, వాసన రాకముందే తినవలెను.

పాలు, గ్రుడ్లు పచ్చిగా పుచ్చుకొనుట బలమని కొందరి నమ్మకము. పచ్చి గ్రుడ్డులోని తెల్లసొన బయోటిన్ అను విటమినును ఒంటబట్టనీయదు. పచ్చి పాల వలన క్షయ, బ్రూసెల్లోసిస్ వంటి రోగములు సోకవచ్చును. నెలలు నిండక దూడను వేసిన బర్రెను పశువైద్యునికి చూపి, ఆయన చెప్పువరకు దాని పాలు ఇంటిలో వాడరాదు.