మూడో తరగతిలో మీ బిడ్డ ఏడాది ఎలా గడుస్తుంది?

జూన్ రెండో వారంలో బడి తెరిచిన రోజు మా తరగతి గది గుమ్మం దగ్గర నిలబడే తల్లులు చాలావరకు ఒకే ప్రశ్న వేస్తారు: "మేడం, ఈ సంవత్సరమైనా చదవడం వస్తుందా?" ఆ మాటలో "ఈ సంవత్సరమైనా" అన్న ముక్క దగ్గర నా మనసు ఆగిపోతుంది. మూడో తరగతి అంత ముఖ్యమైనదే మరి. రెండో తరగతి దాకా పిల్లవాడు చదవడం నేర్చుకుంటాడు, నాలుగు నుంచి చదివి నేర్చుకుంటాడు. ఈ రెండింటి మధ్య వంతెన మూడో తరగతి. 2021లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం కూడా మూడో తరగతి ముగిసేసరికి ప్రతి బిడ్డకూ అర్థం చేసుకుంటూ చదవడం, లెక్కల పునాది రావాలనే గురి పెట్టుకుంది.

పని రోజుల లెక్క ముందుగా చెబుతాను. విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి కనీసం 200 పని దినాలు, 800 బోధన గంటలు ఉండాలి. ఏడాదిలో మొత్తం 8,760 గంటలు. అంటే బిడ్డ నా దగ్గర చదువుకునేది అందులో పదో వంతు కూడా కాదు. మిగతా సమయమంతా మీ దగ్గరే, మీ వీధిలోనే. అందుకే ఈ నాలుగు మాటలు మీతో చెప్పుకోవాలనిపించింది.

ఉదయం అసెంబ్లీతో మొదలు. ప్రార్థన, ప్రతిజ్ఞ, ఆ రోజు వార్తలు. మన పిల్లలు చెప్పే ప్రతిజ్ఞను 1962లో మొదట తెలుగులోనే రాసింది నల్గొండ జిల్లావాడైన పైడిమర్రి వెంకట సుబ్బారావు అని చాలామందికి తెలియదు. తర్వాత హాజరు. ఆపైన తెలుగు, లెక్కలు. పిల్లల బుర్ర తాజాగా ఉండే పొద్దుటి పూటే ఈ రెండూ పెట్టుకుంటాను. ఇంగ్లీషు, పరిసరాల విజ్ఞానం తర్వాత. పరిసరాల విజ్ఞానం మూడో తరగతిలోనే కొత్తగా వస్తుంది. అందులో కుటుంబం, నీళ్లు, తిండి, చుట్టూ ఉండే జంతువులు వంటి పాఠాలుంటాయి. లెక్కల పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషులో, ఎదుటి పేజీ తెలుగులో చూసి కంగారు పడవద్దు. రెండు పేజీల్లో ఉన్నది ఒకే పాఠం. అర్థమయ్యే భాషలో ముందు చూసి, తర్వాత రెండోది చూస్తే చాలు.

మధ్యాహ్న భోజనంలో ప్రాథమిక పిల్లలకు రోజుకు తలా 100 గ్రాముల బియ్యం. ఆ భోజనంలో 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు అందాలని నియమం. ఏదైనా పదార్థం మీ బిడ్డకు పడకపోతే నాకు చెప్పండి. తిననని ప్లేటు పక్కన పెట్టిన పిల్లవాడు రెండు గంటలకు బల్ల మీద తల వాల్చేస్తాడు, ఆ పూట పాఠం పోయినట్టే.

ఇక లెక్కల్లో నేను చేసిన ఒక పొరపాటు చెప్పాలి. కొన్నేళ్ల కింద ఒక బాబుకి నలభై తొమ్మిది రాయమంటే 59 రాసేవాడు. ఇరవై తొమ్మిదికి 39. వీడు లెక్కల్లో వెనకబడ్డాడని నెల రోజులు నమ్మాను. ఒకరోజు పక్కన కూర్చుని వింటే తెలిసింది. నేను తెలుగులో చెప్పిన అంకెను వాడు లోలోపల ఉర్దూలోకి మార్చుకుంటున్నాడు. నలభై తొమ్మిది అంటే 'ఉంచాస్'. అందులో వాడికి 'పచాస్' వినిపిస్తోంది కాబట్టి ముందు 5 వేసి, పక్కన తొమ్మిది పెడుతున్నాడు. తెలుగులో నలభై, తొమ్మిది అని పదులు, ఒకట్లు విడివిడిగా వినబడతాయి. ఉర్దూలో 49ని యాభైకి ఒకటి తక్కువ అన్నట్టు చెబుతారు. వాడు మందబుద్ధి కాదు, రెండు భాషల్లో లెక్క కడుతున్నాడు. అగ్గిపుల్లలు పది పదిగా కట్టలు కట్టించి, నాలుగు కట్టలు, తొమ్మిది పుల్లలు అని చూపిస్తే వారం రోజుల్లో సర్దుకుంది. నేను పోగొట్టిన ఆ నెల మాత్రం వాడికి తిరిగి రాలేదు.

అందుకే ఇంట్లో ఉర్దూ మాట్లాడే తల్లులు "మాకు తెలుగు చదవడం రాదు, మేమేం చెప్పగలం" అన్నప్పుడల్లా నేను ఒప్పుకోను. సాయంత్రం బిడ్డను కూర్చోబెట్టి, ఈరోజు పాఠంలో కథ ఏమిటో మీ భాషలోనే చెప్పమనండి. చెప్పగలిగితే పాఠం అర్థమైనట్టే. తడబడితే ఏ చోట తడబడ్డాడో మర్నాడు నాకు చెప్పండి. పైగా కలం, జవాబు, హాజరు, ఖాళీ లాంటి మాటలు రెండు భాషల్లోనూ ఉన్నాయి. 'ఖాళీలు పూరించండి' అన్న సూచన మీ బిడ్డకు మిగతావాళ్లకంటే ముందే అర్థమవుతుంది. ణ, ళ అక్షరాలు పలకడంలో మొదట్లో ఇబ్బంది పడతారు, నవ్వకండి. నేనూ నవ్వనివ్వను.

చదివే వేగం గురించి కూడా అడుగుతుంటారు. మూడో తరగతి చివరికి తెలియని పాఠాన్ని నిమిషానికి 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలని నిపుణ్ లక్ష్యం. మన తెలుగులో 'వెళ్లిపోయినప్పటికీ' లాంటిది ఒక్కటే పదం. ఇంగ్లీషు పదాలతో సమానంగా దాన్ని లెక్కపెట్టడం న్యాయం కాదని నా అభిప్రాయం. గడియారం పట్టుకుని పిల్లల్ని పరుగెత్తించకండి. చదివింది అర్థమైందా లేదా అన్నదే ముందు చూడండి. లెక్కల్లో 9999 వరకు సంఖ్యలు, చిన్న గుణకారాలు రావాలి.

ఏడాదిలో నాలుగు ఫార్మేటివ్, రెండు సమ్మేటివ్ పరీక్షలు. మార్కులు చూసి కొట్టకండి. బడిలో కొట్టడం చట్టమే నిషేధించింది, ఇంట్లో మాత్రం ఎందుకు?

నన్ను నిజంగా భయపెట్టేది పరీక్షలు కాదు, గైర్హాజరు. పెళ్లికని ఊరెళ్లి మూడు వారాలు, తండ్రి పని కోసం ఇంకో ఊరెళితే నెలన్నర. లెక్కల్లో స్థానవిలువ మీద కూడికలు, వాటి మీద ఎక్కాలు, ఎక్కాల మీద భాగహారం నిలబడతాయి. మధ్యలో ఒక మెట్టు లేకపోతే తర్వాతి మెట్టు ఎక్కడు. ఆ పిల్లలే ఐదో తరగతికి వచ్చేసరికి వెనక బెంచీలో మౌనంగా కూర్చుంటారు. ఎనిమిదికి బడి మానేస్తారు. ఇలా మానేసి ఇప్పుడు మెకానిక్ షెడ్డులో పనిచేస్తున్న నా పాత విద్యార్థులు దారిలో నమస్కారం పెడితే నాకు తలెత్తి చూడటం కష్టంగా ఉంటుంది. వెళ్లక తప్పకపోతే ముందురోజు వచ్చి చెప్పండి. ఆ వారాల పాఠాలకు సరిపడా పని ఒక నోటుబుక్కులో రాసి ఇస్తాను. చేరిన ఊళ్లో దగ్గరి సర్కారు బడికి తీసుకెళ్లండి. విద్యాహక్కు చట్టం ప్రకారం ఏడాది మధ్యలోనైనా చేర్చుకోవాలి, కాగితాలు లేవని పంపేయకూడదు.

పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు కావాలి. సమావేశానికి పిలిస్తే భర్తను పంపి ఊరుకోకండి, మీరూ రండి. మామూలు రోజుల్లో నన్ను కలవాలంటే చివరి గంట కొట్టాక ఒక పావుగంట వరండాలో ఉంటాను. వచ్చేటప్పుడు బిడ్డ లెక్కల నోటుబుక్కు కూడా తీసుకురండి.